నైరుతి గోడ

ఆదివారం ఆరాధన ముగిశాక మొదలుపెట్టిన పని. మధ్యాహ్నం రెండున్నరైనా విమానం హాలు గుమ్మం దాటలేదు. ముక్కు వెళ్ళి వరండా గోడకి ఆనింది, తోక హాల్లోనే ఉండిపోయింది. పదిహేడడుగుల మొండెం ఆరడుగుల వరండాలో మలుపు తిరగనంది.

డయానా వంటింటి గుమ్మంలో నుంచుని చూస్తోంది. ఆవిడ చూపు విమానం మీద లేదు, దుర్గాప్రసాద్ చేతిలోని కటింగ్ మిషను మీద ఉంది.

ఆవిడ భర్త నతానియేలు రైల్వే షెడ్డులో ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. అప్పట్నుంచి ఆరేళ్ళుగా గుణదల ఇంట్లో, సోఫా ఉండాల్సిన చోట, ఇద్దరు కూర్చునే విమానం కడుతున్నాడు. ఇనపగొట్టాల అస్థిపంజరం ఆయనది. దానికి తొడిగిన గుడ్డ డయానాది. మైనం పట్టించిన దారంతో, ఒక్కో ముడీ వేసి బిగించి, ఏడాదిన్నర కుట్టింది. చూడవచ్చినవాళ్ళు ఆయనతో "విమానం బ్రహ్మాండం సార్" అనేవాళ్ళు. ఆవిడతో "టీ బాగుందమ్మా" అనేవాళ్ళు.

రెక్కలు కిందటి వారమే, విమానాన్ని బిగించడానికి కంకిపాడులో అద్దెకి తీసుకున్న ధాన్యం షెడ్డుకి చేరాయి. మిగిలింది ఈ మొండెమే.

"తోక దగ్గర నాలుగడుగులు కోసేస్తే పిల్లికూనలా వచ్చేస్తుంది సార్," అన్నాడు దుర్గాప్రసాద్. గేట్లూ గ్రిల్సూ చేసే మనిషి, ట్రాలీ ఆటో అతనిదే. "షెడ్డులో మళ్ళీ అతికిద్దాం. గుడ్డదేముంది, అక్క ఇంకోసారి కుట్టేస్తారు."

గుడ్డదేముందట. డయానాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అతికిన తోకతో నువ్వెక్కుతావా ప్రసాదూ?"

"నాకెందుకక్కా, నాకు బస్సే పడదు."

ప్రయాణానికి ప్రార్థన చేద్దామని వచ్చి, విమానం ముక్కు మోసే పనిలో ఇరుక్కుపోయిన పాస్టర్ అబ్రహాముగారు చెమట తుడుచుకున్నారు. "ఈ గదికి అటుపక్క పెద్ద షట్టర్ ఉండాలే? గృహప్రతిష్ఠకి వచ్చినప్పుడు చూశాను."

"దొంగల భయానికి మూయించేశానండీ అయ్యగారూ," అన్నాడు నతానియేలు.

"మరి ఆ గోడ తీసేస్తే తిన్నగా సందులోకి పోతుందిగా."

"కొత్త గోడండీ. దాని జోలికి వద్దు. కోసెయ్ ప్రసాదూ."

ప్రసాద్ ప్లగ్గు కోసం వెతికాడు. డయానా వెళ్ళి స్విచ్చిబోర్డుకి వీపు ఆనించి నుంచుంది.

ఏడాది కిందట ఆ గోడ లేస్తున్నప్పుడే అడిగింది, రేపు విమానాన్ని ఎటునుంచి తీసుకెళ్తారండీ అని. అప్పుడు చూద్దాంలే అన్నాడు నతానియేలు. ఇప్పుడు చూస్తున్నారు, ఆవిడ కుట్టు కోసేసి.

"దొంగలు కాదండీ అయ్యగారూ," అంది, కూరలో ఉప్పు చాలలేదని చెప్పినంత మామూలుగా. "నైరుతి."

"డయానా," అన్నాడు నతానియేలు.

"ఎగరడానికి సర్కారు అనుమతి కాగితం రావట్లేదని ఈయన గవర్నర్‌పేటలో వాస్తు చూసేవాయన దగ్గరికెళ్ళారు. నైరుతిలో అంత గుమ్మముంటే ఆ ఇంట్లోంచి ఏదీ పైకి లేవదన్నాడాయన. వారంలో గోడ లేచింది. నలభై రోజులకి కాగితమూ వచ్చింది. అందుకని తోకైనా కోస్తారు గానీ ఆ గోడ ముట్టుకోరు."

పాస్టరుగారు నతానియేలు వైపు తిరిగారు. పోయిన నెల శకునాలూ ముహూర్తాలూ నమ్మొద్దని పాస్టరుగారు ప్రసంగిస్తే, ముందు వరసలోంచి గట్టిగా ఆమేన్ అన్నది నతానియేలే.

పక్కింటి వెంకటరత్నమ్మగారు ప్రహరీ మీదుగా తల పెట్టారు. "మా గేటు నైరుతిలోనేనండీ నతానియేలుగారూ, ముప్ఫై ఏళ్ళ నుంచీ. మమ్మల్నెవరూ మూసెయ్యమనలేదే."

నతానియేలు వంగి విమానం చక్రం మీది దుమ్ము తుడిచాడు. "కాగితం వచ్చింది కదండీ," అన్నాడు, ఎవరితోనో తెలీకుండా.

"వచ్చింది. ఆ కాగితం తోకున్న విమానానికి," అంది డయానా.

పాస్టరుగారు తెల్లచొక్కా చేతులు మడుచుకున్నారు. "సమ్మెట ఉందా ప్రసాదూ?"

మొదటి దెబ్బ ఆయనే వేశారు, ప్రసంగంలో బల్ల గుద్దినట్టు. రెండోది నతానియేలుకిచ్చారు. అతను కళ్ళు మూసుకుని కొట్టాడు, అయినా తగిలింది.

నాలుగున్నరకి విమానం తోక ముందుగా, అటూ ఇటూ జానెడు ఖాళీతో, మెల్లగా సందులోకి వచ్చింది. డయానా మొత్తం కుట్టు వేళ్ళతో తడుముకుంటూ వెంట నడిచింది. ఇటుకపొడి పడింది గానీ ఒక్క ముడీ ఊడలేదు. కోపం మాత్రం ఇంకా దిగలేదు.

"గోడ మళ్ళీ కట్టించాలా సార్?" అడిగాడు ప్రసాద్.

నతానియేలు పాస్టరుగారి వంక చూసి, భార్య వంక చూశాడు.

"వద్దు. రేపు సోఫా అటునుంచే వస్తుంది," అంది డయానా.

విమానాన్ని ట్రాలీ మీదికెక్కించాక ప్రసాద్ కూడా ఎక్కి తాడు విప్పాడు. తోక దాకా తెచ్చి ఆగిపోయాడు. "అక్కా, తాడు ఇక్కడ బిగిస్తే కుట్టుకి ఏమన్నా అవుతుందా?"

ఆరేళ్ళలో కుట్టు సంగతి ఆవిణ్ణి అడిగినవాడు అతనొక్కడే. డయానా చెప్పులు విడిచి ట్రాలీ ఎక్కింది.