తెగిన తీగకు టేపు

మా కంపెనీకి పోటీగా ఈ ఊళ్ళో ఇంకొక్క టెలిఫోను కంపెనీయే ఉంది. దాన్ని కాపాడే పని నాది. నవ్వకండి, నిజంగానే కాపాడాను.

రూలు అలాంటిది. రెండో కంపెనీకి కనీసం వంద ఇళ్ళుంటే మా రేట్లు మా ఇష్టం. వందకు తగ్గితే ఊళ్ళో పోటీ లేనట్టే, అప్పుడు రేట్లు సర్కారు చెప్పినట్టు వినాలి. అందుకే మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు.

"వాణ్ణి చావనివ్వకు, బతకనివ్వకు. వంద తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదు. తెలిసిందా?"

తెలియకేం! ఆ రెండో కంపెనీ అంటే మా చెల్లెలి మొగుడే. మా కంపెనీలోనే లైన్‌మన్‌గా పదకొండేళ్ళు నాతో కలిసి ఒకే నిచ్చెన మోసి, "ఎన్నాళ్ళు ఒకడి కింద పడుంటాం బావా" అని ఉద్యోగం మానేసి, ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని మొదలెట్టాడు. ఫిర్యాదుల ఫోన్లు మా చెల్లెలు ఎత్తేది. అతని తీగలన్నీ మా కంపెనీ వీధి పెట్టెల్లోంచే వెళ్ళాలి. ఆ పెట్టెల తాళాలు నా నడుముకే వేలాడతాయి. నన్నో మాట అడక్కుండా దిగాడు కదా, అనుభవించనీ అనుకున్నాను. దాచుకోవడం దేనికి?

నూట ఇరవై దాటగానే పెట్టె తెరిచి నాలుగు తీగలు పీకేవాణ్ణి. ఆ ఇళ్ళవాళ్ళు బావను తిట్టి తిట్టి మా కంపెనీకి తిరిగొచ్చేవాళ్ళు. పాపం, అతను సైకిలేసుకుని ఎండలో స్తంభాలన్నీ వెతికి, చివరికి నా దగ్గరికే వచ్చేవాడు.

"ఒక్కసారి పెట్టె తెరువు బావా, నీకు పుణ్యముంటుంది."

"రేపు చూద్దాంలే."

ఒకరోజు చెల్లెలు ఏడుస్తూ వచ్చింది. "అన్నయ్యా, తొంభై ఆరు ఇళ్ళే మిగిలాయి. మూసేస్తానంటున్నాడు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా తీసుకుంటామన్నారు, సోమవారం చేరాలి. నువ్వేమంటావ్?"

తొంభై ఆరనగానే నా గుండె గుభేలుమంది. చెల్లెలి గురించి కాదు, మేనేజరు గురించి. చెయ్యి కాస్త ఎక్కువ ఆడించాను మరి. నేను తీగ పీకినా ఇంకా మా కంపెనీకి మారని పదకొండు ఇళ్ళకు ఆ మధ్యాహ్నమే తీగలు తగిలించి, వెళ్ళి బావ భుజం మీద చెయ్యేశాను.

"ఇంత దూరమొచ్చి చేతులెత్తేస్తావా? నేను లేనూ?"

అప్పుడే ఫోన్లు మోగాయి, లైనొచ్చిందండీ అంటూ ఒకరి తర్వాత ఒకరు. బావకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేరమన్న కాగితం అక్కడికక్కడే చింపేశాడు. సోమవారం ఆ ఉద్యోగం వేరేవాడికి ఇచ్చేశారు.

మంగళవారం నా కొంప మునిగింది. ఆ తొందరలో ఒక పెట్టెకు తాళం వెయ్యడం మరిచాను. అందులో ఇంకా పీకి ఉన్న నాలుగు తీగలు బావ కంటబడ్డాయి. ప్రతి కొసకూ నల్ల టేపు, మూడేసి చుట్లు. వట్టి కొస వదిలితే పక్క లైన్లు కూడా చెడతాయి, పని తెలిసినవాడెవడూ అలా వదలడు. ఆ మూడు చుట్లు అతనికి నేర్పింది నేనే.

"తెగిన తీగ తనంతట తనే టేపు చుట్టుకుంటుందా బావా?" అన్నాడు. అరవనైనా లేదు.

"కేసు పెట్టుకో," అన్నాను. "అది తేలేసరికి నీ జుట్టు నెరుస్తుంది. అప్పటిదాకా తాళాలు నా దగ్గరే ఉంటాయి."

ఆ వారమే పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. దారి చూపించమని మేనేజరు నన్ను వెంట పంపాడు. ఇన్‌స్పెక్టరు బావ ఇంటి ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని, "పెద్ద కంపెనీవాళ్ళు ఏమైనా ఇబ్బంది పెడుతున్నారా?" అని బావనడిగాడు. నేను పక్కన నిలబడి తాళాల గుత్తి తిప్పుతున్నాను. బావ దానివైపే చూశాడు.

"ఏ ఇబ్బందీ లేదండీ."

"చాలా సంతోషం," అని ఆయన రాసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

చెల్లెలు ఆయన తాగిన గ్లాసు తీస్తోంది. నాక్కూడా కాసిని మంచినీళ్ళిమ్మన్నాను. ఊహ తెలిసినప్పటి నుంచి అన్నయ్యా అని పిలిచిన నోటితో, "లైన్‌మన్‌గారూ, మీ పనైపోయిందిగా, తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి" అంది.

ఒళ్ళు మండిపోయింది. సిగ్గూ వేసింది, అబద్ధమెందుకు, కానీ మంటే ఎక్కువ. తిన్నగా వీధి చివరి పెట్టె దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు నూట ఏడు ఇళ్ళున్నాయి, అంటే ఏడు తియ్యొచ్చు. మొదట వాళ్ళ ముందు గది తీగ పీకాను, తర్వాత ఇంకో ఆరు. ఈసారి టేపు చుట్టలేదు.