బాల్టిమోర్ అరుగులు

మా సంఘంలో ఎవరైనా చనిపోతే నలభయ్యో రోజున జ్ఞాపకార్థ కూడిక జరుగుతుంది. అందులో చదవడానికి పోయినవారి జీవిత వివరాలు రాసేది నేను. ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, బాప్తిస్మం, పెళ్లి, చేసిన పని, చివరి రోజు. ఒక పేజీకి మించదు. మా విశాఖ మల్కాపురంలో పోర్టువాళ్లవీ, రిఫైనరీవాళ్లవీ, ఓడల మీద పనిచేసినవాళ్లవీ రాశాను. నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. రుజువు లేని మాట రాయను. ఒకసారి ఒక సంఘపెద్ద కొడుకు వచ్చి, వాళ్ల నాన్న రోజూ తెల్లవారుజామున మూడింటికి లేచి ప్రార్థన చేసేవాడని రాయమన్నాడు. "మీరు లేచి చూశారా?" అని అడిగాను. అతను నవ్వేసి ఆ వాక్యం వదులుకున్నాడు.

ఈసారి రాయవలసింది నా భర్త జాన్‌బాబు గురించి.

ఆయన ఓడలో వంటవాడు. ఎక్కువగా బొగ్గు ఓడలు. అమెరికాలో బాల్టిమోర్ అనే రేవులో బొగ్గు ఎత్తుకుని మన వైపు ఉక్కు కర్మాగారాలకు తెచ్చే ఓడ మీద చాలాకాలం ఉన్నారు. ఇల్లు చేరిన నెలల్లో మా బడిలో ఉత్తర అమెరికా పాఠం వస్తే, ఆయన్ని క్లాసుకు తీసుకువెళ్లేదాన్ని. నేను సోషల్ చెబుతాను. మ్యాపు మీద చుక్క పెట్టి పక్కకు తప్పుకునేదాన్ని. మిగతాది ఆయన చెప్పేవారు.

పెద్ద భవనాల గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఒకదానికొకటి ఆనుకుని కట్టిన ఇటుక ఇళ్ల గురించి చెప్పేవారు. ప్రతి ఇంటి ముందూ మూడు తెల్లటి పాలరాతి మెట్లు ఉంటాయట. శనివారం ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని వాటిని తోముతారట. వేసవి సాయంత్రాలు ఇంటిల్లిపాదీ ఆ మెట్ల మీదే కూర్చుంటారట, మన అరుగుల మీద కూర్చున్నట్టు. గుర్రబ్బండి మీద పళ్లవాడు కేకేసుకుంటూ వస్తాడట. పీతలు ఆవిరి మీద ఉడికించి, ఎర్రటి మసాలా చల్లి, బల్ల మీద పేపరు పరిచి, చిన్న చెక్క సుత్తితో కొట్టుకుని తింటారట.

"అమెరికావోళ్లు కూడా పీతలు తింటారా అంకుల్?"

"సేతుల్తోనే తింటారు. మోసేతుల దాకా కారతాది."

పిల్లలు పగలబడి నవ్వేవారు.

ఆయన పోయిన పదో రోజున పుష్ప పరామర్శకు వచ్చింది. నా పాత విద్యార్థిని, ఆఫీసు పని మీద ఆరు నెలలు డల్లాస్‌లో ఉండి వచ్చింది. "అంకుల్ చెప్పిన అమెరికా కోసం ఎంత వెతికానో టీచర్. నేనున్న చోట మనిషే బయట కనపడడు. నడుద్దామంటే కాలిబాటే లేదు. బాల్టిమోర్ వెళ్తానంటే మా ఆఫీసులో అమ్మాయి, 'అక్కడికా? కాల్చేస్తారు' అంది. అంకుల్ ఎలా తిరిగారు టీచర్?" అని అడిగింది. 

కూడికకు వారం ఉందనగా మా మరిది దేవసహాయం వచ్చాడు. పోర్టులో గుమాస్తా. తండ్రి లేకపోతే అన్నే పెంచాడు. ఫోన్లో ఫ్లెక్సు నమూనా చూపించాడు. తెల్లచొక్కాలో ఆయన, వెనకాల కాగడా పట్టుకున్న విగ్రహం.

"అన్నయ్య ఎలా వొచ్చాడో సూడు వదినా."

"మీ అన్నయ్య న్యూయార్క్ వెళ్లలేదు దేవా."

"ఏ ఊరైతే ఏటి? అమెరికా అంటే ఆ బొమ్మే గదా. అది నేకపోతే గాజువాక అనుకుంటారు."

"బాల్టిమోర్ అని పేరు రాయించు."

"ఆ పేరు రాత్తే పెయింటు కంపెనీ అనుకుంటారు వదినా!" అని నవ్వబోయి, నవ్వు సగంలో ఆపేసి కళ్లు తుడుచుకున్నాడు. "కాగితంలో మాత్రం గట్టిగా రాయి. అమెరికా పట్నాలు తిరిగినోడు మన సంఘంలో అన్నయ్యే మొదటోడు. అందరికీ రాసినట్టు ముక్తసరిగా రాసీకు."

సంవత్సరాల కోసం ఆయన పెట్టె తెరిచాను. ఏ ఓడ ఎప్పుడు ఎక్కిందీ, ఎప్పుడు దిగిందీ రాసి ఉండే నావికుల పుస్తకం ఉంది. నాలుగు పాత పాస్‌పోర్టులు ఉన్నాయి. సింగపూర్ ముద్రలున్నాయి, బ్రెజిల్ వీసా ఉంది. ఏ పేజీలోనూ అమెరికా వీసా లేదు. మొదటినుంచి మళ్లీ తిప్పాను. ఓడవాళ్లకు అక్కర్లేదేమో అనుకున్నాను. కానీ అనుకున్నది రాయకూడదు.

ఆదివారం ఆరాధన అయ్యాక సముద్రం ఒడ్డున ఉన్న యారాడ వెళ్లాను. ఆయనతోపాటు అదే ఓడ మీద పనిచేసిన తవిటయ్య అక్కడ ఉంటాడు. మా ఆయన్ని బావ అని పిలిచేవాడు, అందుకని నేను చెల్లెల్ని. వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"రా సెల్లెమ్మా. ఇంతెండలో ఏటొచ్చావు?"

"కూడికలో చదవడానికి రాస్తున్నాను అన్నయ్యా. బాల్టిమోర్‌లో మీరిద్దరూ తిరిగిన వీధుల పేర్లు చెబుతావేమోనని."

వలలో అతని వేళ్లు ఆగాయి. "బావ నీకేటి సెప్పాడు?"

"తిరిగానని చెప్పారు."

"అయితే అలాగే రాసీ."

"పాస్‌పోర్టుల్లో వీసా లేదు."

"ఓలమ్మా! నీతో ఇదే గొడవ. అన్నీ సూసుకునే వొత్తావు." వల పక్కన పెట్టి, లోపలికి కేకేసి టీ చెప్పాడు. టీ వచ్చాక ఒక గ్లాసు నా చేతికిచ్చాడు. "దిగనీనేదమ్మా. కంపెనీ మాకు వీసాలు తియ్యనేదు. వీసా నేనోడు ఓడ మెట్లు దిగకూడదు. నాలుగుసార్లెల్లినాం, నాలుగుసార్లూ అంతే. మాం దిగిపోకుండా మెట్ల కాడ కాపలావోడ్ని ఎట్టీవోరు."

"మరి ఆయన చెప్పినవన్నీ?"

"ఆ కాపలావోడే సెప్పాడు. ఎర్ల్ అని నల్లాయన, ముసలోడు. రెండుసార్లు ఆయనే వొచ్చాడు. కుర్సీ ఏసుకుని కూకునీవోడు. మాకందరికీ ఆడ్ని సూత్తే ఒళ్లు మంట. బావేమో పకోడీలేసి అట్టుకెల్లీవోడు! నాను తిట్టినాను. 'మనల్ని ఆపడానికొచ్చినోడికి పకోడీలేటి బావా, సిగ్గు నేదా' అన్నాను. 'ఆయన డూటీ ఆయన సేత్తన్నాడు. ఊరు ఆయన్దే గదా, అడగనీ' అనీవోడు. పని అయిపోతే ఓడ మెట్ల మీద బావ, కింద ఆయన. ఆళ్ల ఈది ఏటి, ఆళ్లమ్మ మెట్లెలా తోమీది, పీతల్లోకి ఏ మసాలా ఏత్తారు, ఒకటే అడగడం. ఆ ముసలోడికీ సరదాయే. 'పైఊళ్లోళ్లు మా ఊరంటే తుపాకుల గురించే అడుగుతారు. మా అమ్మ మెట్లెలా తోమిందని అడిగినోడు నువ్వొక్కడివే' అన్నాడంట."

తవిటయ్య ఒక్కసారి నవ్వాడు. "ఆయనకి మనూరేటి తెలుసు? 'జానేటి, నీ పేరు? ఓడెక్కాక ఎట్టుకున్నావా?' అని అడిగాడు. 'మా తాత పేరూ జానే' అని బావంటే నమ్మితేనా! ఆరోజంతా అదే గొడవ."

"నాతో ఎందుకు చెప్పలేదు అన్నయ్యా?"

అతను వల మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. "తొలిసారొచ్చినప్పుడు బడికి తీసుకెల్లినావంట. ఎవుడో పిల్లడు, 'ఆ మెట్ల మీద మీరు కూకున్నారా అంకుల్' అని అడిగాడంట. నువ్వెనకాల నిలబడి సూత్తన్నావంట. 'కూకున్నాననీసినాను బావా, నోటంట వొచ్చీసింది' అన్నాడు నాతో. ఆ తర్వాత సెప్పలేకపోనాడు. దిగనీనేదంటే మనూళ్లో ఏటంటారు? ఏదో ఎదవ పని సేసుంటాడు, అందుకే ఆపీసినారు అంటారు." టీ గ్లాసు కింద పెట్టాడు. "రాయకమ్మా. పోయినోడి పరువు."

ఆ పిల్లవాడి పేరు నాకు గుర్తులేదు. జవాబు చెప్పేముందు ఆయన నా వైపు చూడడం గుర్తుంది. అది గర్వమనుకున్నాను.

రెండు రోజులు కోపంగా ఉన్నాను. అబద్ధం మీద కోపమనుకున్నాను. తరువాత ఆలోచిస్తే, ఆ సంఘపెద్ద కొడుకును నేను అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఆ కథ ఇంట్లో నవ్వుతూ ఎన్నిసార్లు చెప్పానో. ఆయన వినేవారు. లేచి చూశారా అని అడిగే మనిషి ముందు, కూర్చోలేదు అని ఎలా చెబుతారు?

ఖాళీ పీరియడ్‌లో స్టాఫ్‌రూంలో కూర్చుని రాశాను. మొదట అమెరికా మాటే లేకుండా రాశాను. "ఓడలలో ఇరవై మూడు సంవత్సరాలు వంటవాడిగా పనిచేశారు." అందులో అబద్ధం లేదు. కానీ చదివి చూస్తే అది ఎవరి గురించైనా కావచ్చు. చింపేసి, ఉన్నది ఉన్నట్టు మళ్లీ రాశాను.

ఇంటివాళ్లు ముందుగా చూడడం ఆనవాయితీ. దేవసహాయం నిలబడే చదివాడు. చివరికొచ్చేసరికి ముఖం నల్లబడింది.

"ఇది సదివితే నాను రాను."

"నీ ఇష్టం."

"అన్నయ్య పరువు సంఘంలో నువ్వే తీస్తన్నావు వదినా. తవిటయ్య తాగి ఏటో వాగుంటాడు."

"తవిటయ్య టీ తాగాడు. నేనూ తాగాను." ఇంకా చెప్పవలసింది ఉంది. "దేవా, ఆ ఊళ్లో ఆయన్ని మెట్టు దిగనివ్వలేదు. దిగకుండానే ఆ ఊరిని మనకు చూపించారు. నిన్ను మెట్ల దగ్గర ఆపేవాడికి పకోడీలు వేసి పెట్టి, మీ అమ్మ గురించి చెప్పండి అని అడగగలవా? నేను అడగలేను."

"ఫ్లెక్సు కట్టీసినాం," అన్నాడు, దానికి అదే జవాబన్నట్టు.

"ఉండనీ."

శనివారం మధ్యాహ్నం మూడింటికి కూడిక. దేవసహాయం వచ్చాడు. చివరి వరుసలో కూర్చున్నాడు. మా పక్కవీధి రేచల్ పాట పాడింది. పాస్టరుగారు నా పేరు పిలిచారు. ఆ విగ్రహం బొమ్మ కింద నిలబడి చదివాను. పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెళ్లి. ఆ తరువాత ఇలా చదివాను.

"జాన్‌బాబు ఓడ నాలుగుసార్లు అమెరికాలోని బాల్టిమోర్ రేవుకు వెళ్లింది. అక్కడ దిగడానికి ఆయనకు అనుమతి లేదు. ఏ తప్పూ చేయలేదు. కంపెనీ వీసా తీయలేదు. ఓడ దగ్గర కాపలా ఉన్న ఎర్ల్ అనే వృద్ధుడిని అడిగి, ఆయన వీధి గురించి, ఆయన తల్లి గురించి తెలుసుకున్నారు. మన బడి పిల్లలకు చెప్పినది అదే. తాను ఆ మెట్ల మీద కూర్చున్నానని ఒకసారి అన్నారు. అది నిజం కాదు. ఆ మాట సరిదిద్దుకోవడానికి ఆయనకు నేను వీలు ఇవ్వలేదు."

ఎప్పుడూ ఒక పేజీకి మించనిది ఈసారి దాటింది. కాగితం మడిచి కూర్చున్నాను.  కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. దేవసహాయం బయటికి వెళ్తున్నాడు. సాక్ష్యాలు చెప్పేవారు రావచ్చని పాస్టరుగారు రెండుసార్లు అన్నారు. ఎప్పుడూ పోటీపడి లేచేవాళ్లు కూడా లేవలేదు. ఆయన ప్రార్థన చేసి ముగించారు.

భోజనాల దగ్గర నాతో మాట్లాడినవాళ్లు తక్కువ. ఒకావిడ అన్నం బాగుందని చెప్పి త్వరగా వెళ్లిపోయింది. చేతులు కడిగే చోట కుసుమకుమారి నా పక్కకు వచ్చి నిలబడింది. వాళ్లాయన చమురు ఓడల మీద పనిచేస్తాడు, సెలవుకు వచ్చాడు. హ్యూస్టన్ గురించి అతను చెప్పే కబుర్లు మా సంఘంలో అందరికీ తెలుసు. అవతల పందిట్లో ఆకు ముందు కూర్చుని, చేతులు ఆడిస్తూ ఎవరితోనో ఏదో చెబుతున్నాడు.

ఆమె కుళాయి తిప్పి, ఆ నీటి చప్పుడులో మెల్లగా అడిగింది. "టీచరుగారూ, ఆ వీసా పాస్‌పోర్టులో ఏ పేజీలో ఉంటాదండీ?"

 ఏ పేజీనో చెప్పడం తేలిక.

"మీ ఆయన ఇక్కడే ఉన్నాడు కదమ్మా," అన్నాను. "ఆయన్నే అడుగు."

"అడిగితే సెప్తారంటారా?"

"నిజమా అని అడగకు. ఓడ మీంచి ఏం కనపడిందో చెప్పమను. ఆయన చెబుతుంటే మధ్యలో ఆపకు."

ఆమె కుళాయి కట్టేసింది. తడి చెయ్యి కొంగుతో తుడుచుకుంటూ పందిట్లోకి వెళ్లి, అతని పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. అతను చెప్పడం ఆపి ఆమె వైపు తిరిగాడు. ఏం అడిగిందో ఇక్కడికి వినిపించలేదు.