సుసులో చదివిన యారీ

ఆఫ్రికా పడమటి తీరాన, బోఫా దగ్గర మా ఊరి బడిలో పదేళ్లు మా సుసు భాషలోనే పాఠాలు చెప్పాను. లెక్కలు, భూగోళం, ఒంట్లోని ఎముకలు, అన్నీ మా మాటల్లోనే. చేపలకు పొగ పెట్టి అమ్మే మకిస్సా కూతురు యారీ, నేను నల్లబల్ల మీద లెక్క రాయడం పూర్తికాకముందే జవాబు చెప్పేసేది. నర్సు కావాలని ఆ పిల్ల ఆశ.

1984లో ప్రభుత్వం మారింది. బడిలో ఇక ఫ్రెంచి తప్ప మరో మాట వినబడకూడదన్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చి యారీని ఏదో అడిగాడు. తను సుసులో సరైన జవాబే చెప్పింది.

"ఇదేమైనా సంతా?" అని నన్ను కసిరాడు. అదీ సుసులోనే.

సాయంత్రం మకిస్సా నా మీద విరుచుకుపడింది.

"ఆరేళ్లు చదివించి, ఇప్పుడు నా కూతురు మూగదని తేల్చారా మాస్టారూ?"

"ఒక్క ఏడాది ఆగక్కా. నేను ఫ్రెంచి నేర్పిస్తా."

"ముందు మీకు రావాలిగా!"

నిజమే, నాకూ అంతంతమాత్రమే. అయినా రోజూ వాళ్ల పొగ గుడిసె పక్కన కూర్చుని, చిరిగిన నిఘంటువు ముందేసుకుని ఇద్దరం కుస్తీ పట్టాం. కళ్లు మండేవి. యారీ మాత్రం లేచేది కాదు.

పై చదువుల పరీక్షకు గదిలో కాపలా నాకే పడింది. లెక్కల రోజున యారీ చెయ్యెత్తింది.

"మాస్టారూ, 'రోబినె' అంటే ఏంటి? అదొక్కటి చెప్పండి, మిగతాది చేసేస్తా," అంది గొంతు తగ్గించి.

చెప్పకూడదు. తెలిస్తే చెప్పేసేవాణ్ణే. నాకు తెలియదు.

"మాట్లాడకుండా రాయి!" అని గద్దించాను.

ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. నీటి కుళాయి. మా ఊళ్లో అందరివీ బావి నీళ్లే.

యారీ పరీక్ష తప్పింది. వారం తర్వాత తను పొగ మీద చేపలు తిప్పుతుంటే వెళ్లి ఒప్పుకున్నాను.

"ఆ రోజు నాకూ తెలీదమ్మా."

"తెలుసు మాస్టారూ. మీరు కసిరినప్పుడే అర్థమైంది," అంది తల ఎత్తకుండానే.

పక్కనున్న చేపను తిప్పింది.

మరుసటి ఏడు ఉపాధ్యాయులకు పెట్టిన ఫ్రెంచి పరీక్షలో నేనూ తప్పాను. బడి తాళంచెవి అప్పగించి వరి పొలానికి పోయాను. యారీకి కంసార్ పట్నంలో సంబంధం కుదిరింది. తనకు సుసులో చదవడం, రాయడం వచ్చని అత్తవారింట్లో ఎవరికీ చెప్పలేదట.