ఉస్తాదు వెనక వచ్చేవాడు

ఉమాశ్రీకి మామగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన పక్కన కూర్చుని ఏ యుద్ధం సినిమా చూసినా, యుద్ధం మొదలవకముందే సినిమా ఓడిపోతుంది.

సుబ్రహ్మణ్యంగారు పట్టాళంలో కొత్తవాళ్ళకి కవాతు నేర్పిన ఉస్తాదు. రిటైరయ్యాక మణికొండలో కొడుకు దగ్గరుంటున్నారు. కార్గిల్ వేసవి అది. కేబుల్ వాడు రోజుకో యుద్ధం సినిమా వేస్తున్నాడు. తెరమీద ఉస్తాదు నోరు తెరవగానే ఈయన మొదలెడతారు.

"మొహంలో మొహం పెట్టి అరుస్తాడేంటమ్మా, పళ్ళ డాక్టరా? చొక్కాకి చెమట లేదు, బూటుకి దుమ్ము లేదు. పెళ్ళిచూపులకొచ్చాడు వీడు!"

ఉమ నవ్వేది. నవ్వుతూనే రెండు సంగతులు కనిపెట్టింది. కొత్తగా పట్టాళంలో చేరిన రంగరూటు కుర్రాడు పరిగెత్తలేక పడిపోయే చోటు ప్రతి సినిమాలోనూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే మామగారికి దాహం వేసి వంటింట్లోకి పోతారు. రెండోది, తను ఉల్లిపాయలు తరుగుతుంటే ఆయన వీధిలోకి నడుస్తారు. కోడలి ముందు కళ్ళనీళ్ళెందుకని కాబోలు అనుకుంది.

మూడో సంగతి ఇంటిగలావిడ భాగ్యమ్మ చెప్పింది.

"మీ మామ ఖాజాగూడ గుట్టలకాడికి ఒక్కడే పోతడు గదా. మలుపుకాడ నిలవడి ఎనకకు జూస్తడు. ఎవలొస్తున్నరు అనడిగితే, 'వస్తాడు, కాస్త నెమ్మది' అంటడు. ఆడ ఎవలు లేరమ్మా! జర తాయెత్తు గట్టించు."

ఆ ఆదివారం ఉమ భర్త ఆదర్శ్ ఒక యుద్ధం సినిమా సీడీ పట్టుకొచ్చాడు. హైటెక్ సిటీలో అతని కింద కొత్త కుర్రాళ్ళ బ్యాచ్ ఉంది. రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తేదీలన్నీ సరిచేయాలట.

"శనివారం మీరొచ్చి వాళ్ళమీద ఈ సినిమాలో ఉస్తాదులా విరుచుకుపడాలి నాన్నా. ఒకడైతే రోజూ కళ్ళు తిరుగుతున్నాయంటాడు. వట్టి నాటకం! ఇందులో చూడండి, తిట్లు తిన్నవాడే చివర్లో వచ్చి ఉస్తాదుకి సెల్యూట్ కొడతాడు."

"గొంతేగా కావాల్సింది, వస్తాలే," అన్నారాయన.

ఉమకి చిలిపి బుద్ధి పుట్టింది. నీళ్ళ కూజా, గ్లాసు తెచ్చి మామగారి కుర్చీ పక్కనే పెట్టింది. దాహం ఎక్కడికి తీసుకుపోతుందో చూద్దామని.

తెరమీద కుర్రాడు తూలాడు. ఆయన లేవబోయి కూజాని చూశారు. కూర్చుండిపోయారు. కుర్రాడు పడ్డాడు, ఉస్తాదు గర్జించాడు, కుర్రాడు లేచాడు.

"లేవడు," అన్నారు మామగారు.

"లేచాడుగా నాన్నా."

"లేవడ్రా."

ఆయనే మొదలెట్టారు.

"చంకలో ఉల్లిపాయ పెట్టుకుంటే ఒళ్ళు కాలుతుందని మా రంగరూట్లలో ఓ నమ్మకం. జ్వరమని చెప్పి పెరేడు ఎగ్గొట్టేవాళ్ళు. అందుకే మేం వాసన చూసేవాళ్ళం. అప్పన్న అని, టెక్కలి కుర్రాడు. కళ్ళు తిరుగుతున్నాయి ఉస్తాద్ అన్నాడు. ఒళ్ళు పెనంలా ఉంది. దగ్గరికెళ్తే ఉల్లి వాసన. దొరికావురా అనుకున్నా. రైఫిలు నెత్తిమీద పెట్టించి ఎండలో గ్రౌండు చుట్టూ పరిగెత్తించా. నేను ముందు, వాడు వెనక. మలుపు తిరిగి చూస్తే లేడు."

గ్లాసు చేతిలోకి తీసుకున్నారు గాని తాగలేదు.

"పొద్దుట్నించీ వంటశాల డ్యూటీలో ఉల్లిపాయలు తరిగాడట. తర్వాత చెప్పారు. వడదెబ్బ చావని తేల్చేశారు. నన్నెవరూ ఒక్క మాటనలేదు."

"మరింకేం నాన్నా! అందరూ చేసేదేగా మీరూ చేసింది, మీ తప్పేముంది?"

మామగారు చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. తెరమీద కుర్రాడు సెల్యూట్ కొడుతున్నాడు. ఉమ టీవీ కట్టేసి ఆయన వెంట వెళ్ళింది.

ఖాజాగూడ గుట్టల దగ్గర సాయంత్రపు ఎండ రాళ్ళమీద ఎర్రగా పడుతోంది. మలుపు దగ్గర ఆయన ఆగి వెనక్కి చూశారు. ఉమ కూడా చూసింది. ఖాళీ దారి. ఎవరూ లేరండీ అందామనుకుంది. నోట వేరే మాట వచ్చింది.

"ఎంత దూరంలో ఉన్నాడు మామయ్యగారూ?"

"ఎప్పుడూ అంతే దూరమమ్మా. దగ్గరికి రాడు, వెనక్కీ పోడు."

ఉమ వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"శనివారం నేను రానని వాడితో చెప్పు. ఆ కళ్ళు తిరిగే కుర్రాణ్ణి ముందు డాక్టరుకి చూపించమను."

తర్వాత మడమలు దగ్గరికి చేర్చి నిటారుగా నిలబడ్డారు. ఏ సినిమాలోనూ వినని గొంతు అది. రాళ్ళకి తగిలి తిరిగొచ్చింది.

"అప్పన్నా! నువ్వు నిజమే చెప్పావురా. తప్పు నాది."