నాన్న వేసిన ఈల

ఎర్సీలియా తండ్రి ఆర్దేలియో పంది తొడలకు ఉప్పు పట్టించి ఆరబెట్టేవాడు. ఇటలీలో మా పార్మా ఊళ్ళో అది గౌరవమైన పనే. కానీ ఆయన లెక్కలో అది పొట్టకూటి పని మాత్రమే. అసలు పని ఆదివారం మధ్యాహ్నం ఒపేరా హాలు పై అంతస్తులో, చెక్క బల్ల మీద కూర్చుని, పాడేవాళ్ళ తప్పులు పట్టడం. చుట్టూ క్షవరం చేసేవాళ్ళు, బళ్ళు తోలేవాళ్ళు, జున్ను చేసేవాళ్ళు. స్వరం వెంట్రుకవాసి జారితే చాలు, ఈల వేసేవారు. ఈల అంటే మా దగ్గర మెచ్చుకోలు కాదు, చెప్పు విసరడంతో సమానం. ఆ ఈలలకు జడిసి ఒక రాజు వేషగాడు కిరీటం కూడా తీయకుండా వెనక గుమ్మంలోంచి పారిపోయి రైలెక్కాడు.

నా పేరు ఇర్మా. ఎర్సీలియా, నేను ఒకే గురువు దగ్గర పాట నేర్చుకున్నాం. నాది లోతు గొంతు. లోతు గొంతున్న ఆడదానికి ఒపేరాలో మొగుడు దొరకడు. దాదిగానో, మంత్రగత్తెగానో, ఎవడో ఒకడి తల్లిగానో బతుకు వెళ్ళదీయాలి. ఎర్సీలియాది సొప్రానో, అన్నిటికన్నా పైకెగిరే గొంతు. ప్రేమించడం, పిచ్చెక్కడం, చావడం అన్నీ దాని వంతే. చచ్చే ముందు అరగంట పాడటం కూడా.

దాని గొంతులో సరుకుందని మొదట కనిపెట్టింది ఆర్దేలియోనే. ఆ సంగతి ఊరందరికీ చెప్పాడు, కూతురికి తప్ప.

యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకు ఎర్సీలియా పేరు మోగిపోయింది. ట్రియెస్టెలో పూలు, లిస్బన్‌లో హారాలు, బ్యూనస్ ఎయిరిస్‌లో ఒక పశువుల ఆసామి పెళ్ళి చేసుకుంటానని కాళ్ళ మీద పడ్డాడు. పార్మా హాలువాళ్ళు పిలిచినప్పుడు మాత్రం దానికి ఎక్కడలేని జలుబూ వచ్చేది.

"భయమేమిటే?" అన్నాను.

"భయమా? నాకా? అక్కడి గాలి పడదు."

"పుట్టిన ఊరి గాలి పడకపోవడమేమిటి?"

"ఆ గాలి మా నాన్న నోట్లోంచి వస్తుంది కాబట్టి!"

చివరికి ఒక పత్రికవాడు 'ఆమె లోకమంతా పాడుతుంది, వినడం వచ్చినవాళ్ళ దగ్గర తప్ప' అని రాశాడు. ఆ పత్రిక చించి పొయ్యిలో వేసి, అదే రోజు ఒప్పంద కాగితం మీద సంతకం పెట్టేసింది.

ఆ ఆదివారం ఆట మొదలయ్యే ముందు ఆర్దేలియో మేకప్ గదికి వచ్చాడు. కొత్త టోపీ, పాత కోటు.

"అమ్మాయ్, ఒక మాట. పైన కూర్చున్నంతసేపూ నేనెవరికీ తండ్రిని కాను."

"కింద ఉన్నప్పుడు మాత్రం ఎప్పుడయ్యావు?" అని అది పౌడరు డబ్బా విసిరింది. టోపీ తెల్లబడింది. ఆయన దులుపుకోకుండానే మెట్లెక్కిపోయాడు.

మొదటి రెండు అంకాలూ వెన్నలా సాగాయి. మూడో అంకంలో నాయిక మంచం మీద చావాలి. నేను దాది వేషంలో పక్కనే కొవ్వొత్తి పట్టుకుని ఏడుస్తున్నాను. పైకి వెళ్ళాల్సిన ఆఖరి స్వరం దగ్గర ఎర్సీలియా గొంతు బీటలు వారింది. బీట అంటే చిన్నది కాదు, కోడిపుంజు దూరేంత.

హాల్లో చీమ చిటుక్కుమనలేదు. అంతలో పైనుంచి ఒకే ఒక్క ఈల.

చచ్చిపోతున్న మనిషి చటుక్కున మంచం దిగింది. జుట్టు విరబోసుకుని, రాత్రి గౌనుతో వేదిక అంచుకు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఎవరది?"

"ఎవరో నీకు తెలుసు!" అన్నాడు పైనుంచి.

"ఏం తప్పు చేశాను?"

"ఊపిరి ఆలస్యంగా తీశావు. చిన్నప్పటినుంచీ అంతే, బండి కదిలాక ఎద్దుల్ని కడతావు!"

"అంత తెలిస్తే నువ్వే పాడు!"

పై అంతస్తు గొల్లుమంది. "పాడు, ఆర్దేలియో! పాడి చూపించు!" వాద్యబృందం నడిపే పెద్దమనిషి చేతిలో కర్ర ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. ఆర్దేలియో లేచాడు. తలుపులో కాలు ఇరుక్కున్న మేకలా పాడాడు. సగంలో ఊపిరి అయిపోయింది. దగ్గొచ్చింది.

ఆయన బల్ల మీదివాళ్ళే, రోజూ ఆయనతో కలిసి తాగేవాళ్ళే, వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈలలు అందుకున్నారు. హాలు అదిరిపోయింది.

ఆర్దేలియో ఆ తెల్లబడిన టోపీ తీసి నలువైపులా వంగాడు. "న్యాయమే! నాకు పడాల్సిందే. ఇక నువ్వు పాడవే!"

ఎర్సీలియా నవ్వడం మొదలుపెట్టింది. మంచం ఎక్కుతూ నవ్వింది, దుప్పటి కప్పుకుంటూ నవ్వింది. నా కొవ్వొత్తి కూడా ఊగిపోతోంది. "అయ్యా, ముందునుంచి అందుకోండి" అంది కింద కర్ర పట్టుకున్నాయనతో. ఆ నవ్వు ఇంకా గుండెలో ఆడుతుండగానే పాడింది. భయపడటానికి ఇంక ఏమీ మిగల్లేదు కాబోలు, స్వరం నూనె పట్టించిన తలుపులా తెరుచుకుంది. అప్పుడు పైనుంచి పడ్డ చప్పట్లకు నా మీద సున్నం రాలింది.

సాయంత్రం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. గుమ్మడికాయ కూరి ఉడికించిన పిండి బిళ్ళలు, తోర్తెల్లి, వచ్చాయి. తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు. ప్లేటు ఖాళీ అయ్యాక ఎర్సీలియా అడిగింది.

"ట్రియెస్టెకి టిక్కెట్లు పంపాను. నేపుల్స్‌కి పంపాను. ఒక్కసారీ రాలేదేం?"

"కింద మఖమల్ కుర్చీలకు పంపావు."

"మంచి చోటికే కదా పంపింది!"

"అక్కడ అందరూ ఊరికే చప్పట్లు కొడతారే. నువ్వు బాగా పాడావో లేదో నాకెలా తెలుస్తుంది?"

ఎర్సీలియా ఆయన గ్లాసులో ద్రాక్షసారా నింపింది. "ఇవాళ ఎలా పాడాను?"

"రెండోసారి ఫరవాలేదు."

మా ఊళ్ళో ఆ మాట సంపాదించకుండానే చచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు.

అప్పటినుంచి ప్రతి ఊళ్ళోనూ ఎర్సీలియా తండ్రికి పై అంతస్తులోనే టిక్కెట్టు తీసేది. అది మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది. నేపుల్స్‌లో వాళ్ళు ముద్దు చేసే, నాయకవేషాలు కట్టే టెనర్‌కు ఈల వేస్తే జనం ఆయన్ని తన్నడానికి వెంటపడ్డారు. ఆయన్ని గౌన్లు దాచే పెద్ద బుట్టలో కుక్కి, పైన నేను కూర్చున్నాను. జనం గదంతా వెతికి బయటికి పోయాక ఎర్సీలియా మూత తీసింది. లేసులు తలకు చుట్టుకుని ఆయన పైకి చూశాడు.

"బుద్ధొచ్చిందా, నాన్నా?"

"వాడు తప్పు పాడిన మాట నిజమా కాదా?"

అది గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నిజమే. లేవకు, ఇంకా బయట ఉన్నారు."