పేరు మారిన ప్యాకేజీ

పినపాక అవతల అడవిలోంచి వచ్చే వాగు మీద వంతెన లేదు, నీళ్లకు కాస్త ఎత్తున పోసిన సిమెంటు చప్టా ఉంది. ఎగువన గట్టిగా వాన పడితే అది మునిగిపోతుంది. 2009లో ఖమ్మంలోని ఒక చిన్న కంపెనీ, మరికొన్ని వాగుల దగ్గరలాగే, ఆ ఒడ్డున స్తంభానికి ఒక పెట్టె బిగించింది. లోపల అరచేతంత లినక్స్ కంప్యూటరు, మెసేజ్‌లు పంపే ఒక మోడెమ్; నీళ్లను పసిగట్టే తీగ ఒకటి చప్టా దాకా. నీళ్లు చప్టాను తాకగానే ఆటోవాళ్ల సెల్‌ఫోన్లకు మెసేజ్ పోయేది. దాని సాఫ్ట్‌వేర్ తయారుచేసిన పుష్పలత ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినదే.

వానాకాలం నడుమ కంపెనీ పేరు జలదీప్ సిస్టమ్స్‌గా మారింది. యజమాని వెంకటరామారావు బోర్డు మార్పించాడు, విజిటింగ్ కార్డులు మార్పించాడు, ఆపైన పుష్పలత బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పెట్టెల్లో మన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల పేర్లన్నీ జలదీప్‌తో మొదలవ్వాలమ్మా. మొదటిది పెద్దక్షరం, పేరు తర్వాత అండర్‌స్కోర్. కార్డు మీద ఉన్నట్టే."

"గట్ల పెట్టరాదు సార్. అండర్‌స్కోర్ తర్వాత ఉన్నది వెర్షన్ నంబర్ అనుకుంటది ప్యాకేజీ కట్టే ప్రోగ్రాం. అన్నీ చిన్నక్షరాలు, నడుమ హైఫన్. అదే పద్ధతి."

"సరే, హైఫనే పెట్టు. రేపు హైదరాబాద్ నుంచి పెట్టెలు కొనే పార్టీ వస్తోంది. ఈరోజే అన్ని పెట్టెలకూ పంపించెయ్."

"పేరు మారితే పెట్టె దాన్ని కొత్త ప్యాకేజీ అనుకుంటది సార్. 'వాగు-మట్టం' తీసేసి 'జలదీప్-వాగు-మట్టం' పెట్టుకోమని మనమే రాసియ్యాలె. రాసినంక ఒక పెట్టెలో నడిపి చూడాలె. కొంచెం టైమియ్యండి."

"పేరు మార్చడానికి టైమెందుకు? మావాణ్ణి బళ్లో వేసేటప్పుడు పేరు మార్చాం. పిల్లాడు ఇద్దరయ్యాడా?"

పుష్పలత ఇంకా ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకుని వెళ్లిపోతున్నాడు.

మర్నాడు ఆమెను సత్తుపల్లిలో కొత్త పెట్టె బిగించడానికి పంపి, పేర్ల పని నాగచైతన్యకు అప్పగించారు. అతను కొత్తగా చేరినవాడు. సాయంత్రం ఆమె ఫోన్ చేస్తే, "ఏ ఎర్రరూ రాలేదు మేడం. అన్నింట్లో ఇన్‌స్టాల్ అయింది" అన్నాడు.

"పాతది పోయిందో లేదో చూసినవా?"

"సార్ పంపెయ్యమన్నారు, పంపించాను."

ఆమె వెంకటరామారావుకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేస్తే, "పార్టీతో ఉన్నానమ్మా, నువ్వొచ్చాక చూద్దాం" అని పెట్టేశాడు. అక్కడినుంచి పెట్టెల్లోకి వెళ్లి చూసే దారి ఆమెకు లేదు. బిగించాల్సిన పెట్టె ముందు కూర్చుని పళ్లు కొరుక్కుంది.

ఆమె ఖమ్మం తిరిగి రాకముందే ఎగువన వాన పడింది. ఆటో నడిపే దేవ్‌సింగ్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. చప్టా నడుమ ఇంజన్ ఆగిపోయింది, బండి కొట్టుకుపోయి ఒక మద్ది మొద్దుకు తట్టుకుంది, ఒడ్డునున్నవాళ్లు తాడు వేసి అందర్నీ లాగారు, బండిలో ఉన్న ముత్యాలుకు చెయ్యి విరిగింది.

పుష్పలత ఆఫీసుకు పోలేదు. దొరికిన బస్సెక్కి నేరుగా వాగు దగ్గరికి వచ్చింది. నీళ్లు తీసినా ఆటో ఇంకా మొద్దుకు ఆనుకునే ఉంది. దేవ్‌సింగ్ దాని పక్కన నిలబడి ఉన్నాడు.

"మెసేజ్ రాలేదక్కా. చీకట్ల నీళ్లు కానరాలె. రాలేదంటే నీళ్లు లేనట్టే గదా అని దింపిన."

ఆమె పెట్టె మూత తీసి లాప్‌టాప్ తగిలించింది. ప్యాకేజీల వరుసలో రెండు పేర్లూ ఉన్నాయి. ఒకే పనిచేసే రెండు ప్రోగ్రాములు, ఉన్న ఒక్క మోడెమ్ కోసం కొట్టుకుంటున్నాయి. ఏదీ ఇంకోదాన్ని మాట్లాడనివ్వలేదు. పాతదాన్ని తీసెయ్యడానికి ఒక్క కమాండ్ సరిపోయింది. అంత చిన్న పని కావడమే ఆమెను ఎక్కువ మండించింది. పెట్టెను మళ్లీ ఆన్ చేసి, నీళ్లను పసిగట్టే తీగను నీళ్ల బకెట్లో ముంచింది.

దేవ్‌సింగ్ జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు.

"ఇప్పుడొచ్చింది" అన్నాడు.

ఆఫీసులో వెంకటరామారావు గొంతు తగ్గించి మాట్లాడాడు. "ముత్యాలు దవాఖానా సంగతి నేను చూసుకుంటాను. తప్పేదో దొరికింది కదా, ఇంకెందుకు కోపం?"

"ఇప్పుడు దొరికింది కాదు సార్. పంపకముందే చెప్పిన. నేను చూసి సరేనన్నదాకా ఇగ ఏ పెట్టెకూ ఏదీ పోవద్దు. దానికి ఒప్పుకోకపోతే నేను మానేస్త."

ఆయన కిటికీలోంచి కొత్త బోర్డు వైపు చూసి తల ఊపాడు.

పాతదాన్ని తొలగించమనే లైను రాసి, బల్ల మీద ఒక పెట్టెలో పరీక్షించి, ఆమె మిగతా పెట్టెలన్నీ సరిచేసింది. మెసేజ్ రాకపోతే వాగు ఖాళీ అనుకోకుండా, రోజూ పొద్దున 'పెట్టె పనిచేస్తోంది' అని మెసేజ్ పోయేలా చేసింది. వెంకటరామారావు చదివి, దాని ముందు జలదీప్ అని చేర్చమన్నాడు. చేర్చింది.

తర్వాత ఒకసారి ఆమె దేవ్‌సింగ్ ఆటోలోనే ఆ దారిన వెళ్లింది. పొద్దున 'పెట్టె పనిచేస్తోంది' అని మెసేజ్ వచ్చింది, నీళ్ల హెచ్చరికేమీ లేదు. అయినా చప్టా ముందు అతను బండి ఆపి, దిగి, చప్టా అంచున నీళ్ల లోతు కట్టెతో తడిమి చూశాడు.

"మెసేజ్ వచ్చింది గదన్నా" అంది పుష్పలత.

"వచ్చింది" అన్నాడు దేవ్‌సింగ్, కట్టెను ఇంకో అడుగు ముందుకు గుచ్చుతూ.