బడికి వెళ్లనివారి పరీక్ష

వంటింటి బల్ల మీద చిక్కుడు గింజలు పోసుకుని హసింత రాళ్లు ఏరుతోంది. ఒక్కో గింజనూ రెండు వేళ్లతో తిప్పి చూసి, ఎడమవైపు నుంచి కుడివైపుకు జరుపుతోంది. ఎదురుగా కూర్చున్న త్రివేణికి చేటలో కందిపప్పు బాగుచేసే నాయనమ్మ గుర్తొచ్చింది. అదే వేగం, అదే ఒద్దిక. గింజల్లో మాత్రం ఒక్క రాయీ లేదు.

"నిన్న ఏరినవేనమ్మా," గొంతు తగ్గించి అన్నాడు హసింత భర్త ఎలియాస్. "మొన్నవీ ఇవే. ఆ చేతులు ఊరుకోవు కదా."

త్రివేణిది అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్లో ఒక క్లినిక్‌లో ఉద్యోగం. స్పానిష్ మాట్లాడే ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి జ్ఞాపకశక్తి పరీక్షిస్తుంది. ఆ భాష ఆమెకు అంతకుముందు మందుల షాపు కౌంటర్‌లో పనిచేసినప్పుడు పట్టుబడింది.

మార్చిలో హసింతను ఇంకెక్కడో పరీక్షించారు. డాక్టరు ఇంగ్లిష్‌లో అడిగితే ఫోన్‌లో ఎవరో స్పానిష్‌లోకి చెప్పారు. మతి తప్పుతోందని రాసిచ్చారు. ఎలియాస్ ఒప్పుకోలేదు.

"గడియారం బొమ్మ గియ్యమన్నారు! మా ఆవిడ పుట్టి బుద్ధెరిగి పెన్సిల్ పట్టిందా? నన్ను గియ్యమన్నా కోడిగుడ్డే వస్తుంది. బడికి పోకపోవడం రోగమా తల్లీ?"

"కాదండీ. అందుకే ఇది వేరే పరీక్ష. రాయక్కర్లేదు, చదవక్కర్లేదు."

"అయితే మా హసింత గట్టెక్కినట్టే!" అంటూ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఊపాడు. "ఇదిగో, మార్చిలో ఇచ్చింది. నీ ముందే చించేస్తాను."

"ముందు మీరు అవతలి గదిలోకి వెళ్లాలి. ఆవిడ నోరు తెరిచేలోగా మీరే అందించేస్తున్నారు."

"అరవై ఏళ్లుగా అదేగా నా ఉద్యోగం!" అని నవ్వుతూ లేచాడు.

త్రివేణి బల్ల మీద మూడు వస్తువులు పెట్టింది: దువ్వెన, చెంచా, తాళంచెవి. మూడింటి పేర్లూ హసింత టకటకా చెప్పింది. త్రివేణి వాటి మీద గుడ్డ కప్పి, తెలిసిన జంతువుల పేర్లు చెప్పమంది.

"కోడి. మేక. కోడి..." ఆగి, కిటికీలోంచి చూసింది. "కోడి."

"గుడ్డ కింద ఏమున్నాయమ్మా?"

"గింజలు," అంది హసింత, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

గుడ్డ కొస కొంచెం ఎత్తి చూపిద్దామా అనిపించింది త్రివేణికి. చెయ్యి కదిలించి, మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. ఈసారి నెపం వేయడానికి బడి లేదు, భాష లేదు, పెన్సిల్ కూడా లేదు.

"ఈ ఇంట్లో మీతో ఎవరుంటారమ్మా?"

హసింత ముందుకు వంగి, రహస్యంగా చెప్పింది.

"ఎవరో ముసలాయన. మంచివాడే పాపం. రోజూ నా తల దువ్వుతాడు. కానీ మావారు పత్తి చేనుకు వెళ్లారు కదా, వచ్చి చూస్తే ఏమనుకుంటారు? నేను చెప్పలేను, నొచ్చుకుంటాడు. నువ్వైనా చెప్పు తల్లీ, పొద్దుగూకేలోగా వెళ్లిపొమ్మని."

త్రివేణి తలెత్తింది. ఎలియాస్ గుమ్మంలో ఉన్నాడు. ఒక చేతిలో మంచినీళ్ల గ్లాసు, ఇంకో చేతిలో హసింత మధ్యాహ్నం మాత్ర.

మెల్లగా వచ్చి రెండూ ఆమెకు అందేంత దగ్గరగా పెట్టాడు. ఆమె పరాయి మనిషికి ఇచ్చే మర్యాదతో తల వంచింది. అతనూ వంచాడు. చించడానికని దాచుకున్న కాగితాన్ని మడతలు విప్పి త్రివేణి ముందు పరిచాడు. మేకుకు తగిలించి ఉన్న టోపీ తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.